బండి ఉంది.. కాగితమేదీ?

* సువేగా, పుష్పక్‌ల సేకరణకు ఆర్‌సీ పుస్తకమే అడ్డంకి
* యాభై ఏళ్ల గీతకు ఇవతలే నిలిచిపోతున్న ఎనభైల నాటి వాహనాలు

తిరుపతి: పాత కార్లను పోగుచేయడం సంపన్నుల వ్యవహారం. పాత స్కూటర్ల సంగతి అలా కాదు. వాటిని కొన్నదీ, నడిపిందీ, చివరకు వసారాలో గోనెపట్టా కప్పి మూలకు నెట్టిందీ మధ్యతరగతి కుటుంబాలే. ఇప్పుడు వాటిని వెదికి కొని, బాగుచేసి, భద్రపరచాలని ఉబలాటపడుతున్న వారిలో అధికులు ఆ ఇళ్లలో పెరిగినవారే. అయితే వారి అభిరుచికి విడిభాగాల కొరత కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. అది బండి వెంట ఉండవలసిన రిజిస్ట్రేషన్ పుస్తకం.

ఇరవై ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో పెంచిన విషయం విదితమే. ద్విచక్ర వాహనానికి రూ.1,000గా ఉన్నది రూ.2,000 అయింది. కాలుష్యం తగ్గాలి, పాత బండ్లు రోడ్లపై నుంచి తప్పుకోవాలి అన్నది ప్రభుత్వ ఉద్దేశం. దానిని తప్పుపట్టలేం. కానీ రోజూ పొగ వదులుతూ తిరిగే బండికీ, ఏడాదికి నాలుగుసార్లు బయటకు తీసి తుడిచి పెట్టుకునే బండికీ తేడా చూపవలసి ఉంది. ఆ తేడాను గుర్తించే నిబంధన ఒకటి ఉన్నప్పటికీ అది మన ప్రాంతపు వాహనాలకు సగమే ఉపయోగపడుతోంది.

ఇక్కడే పుట్టిన బండ్లు

తెలుగు నేలకు ద్విచక్ర వాహనాల తయారీలో సొంత చరిత్ర ఉందన్న సంగతి నేటి తరంలో చాలామందికి తెలియదు. ఫ్రాన్స్‌కు చెందిన మోటోబెకాన్ పరిజ్ఞానంతో మోపెడ్స్ ఇండియా సంస్థ తిరుపతిలో 'సువేగా' మోపెడ్‌ను తయారుచేసింది. పెడల్ తొక్కితే ఇంజను అందుకునేది. ఇంజను నుంచి పట్టీ ద్వారా పెడళ్ల వద్ద ఉన్న కప్పీకి, అక్కడి నుంచి చైను ద్వారా వెనుక చక్రానికి శక్తి చేరేది. గేర్ల బెడద లేదు. పెట్రోలు అయిపోతే సైకిల్‌లా తొక్కుకుంటూ ఇల్లు చేరే వీలుండేది.

హైదరాబాద్‌ది మరో కథ. ఇటలీలోని ఇన్నోసెంటి సంస్థ లాంబ్రెట్టా స్కూటర్ల తయారీని మానుకోగా, ఆ యంత్రసామగ్రిని మన దేశం కొనుగోలు చేసింది. 1972లో ఏర్పడిన ప్రభుత్వరంగ స్కూటర్స్ ఇండియా లక్నోలో 'విజయ్ సూపర్' పేరిట ఆ స్కూటర్లను తయారుచేసింది. అదే నమూనా గుజరాత్‌లో 'గిర్నార్'గా, మన వద్ద ఆల్విన్ 'పుష్పక్'గా రోడ్డెక్కింది. 1942లో మొదలైన ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లు, గడియారాలు, బస్సు బాడీలు కూడా తయారుచేసింది. నేడు హైదరాబాద్‌లో ఆల్విన్ కాలనీ, ఆల్విన్ చౌరస్తా అన్న పేర్లు మిగిలాయి. లక్నో సంస్థ 1997లోనే ద్విచక్ర వాహనాల తయారీ ఆపివేసింది. దాని మూసివేతకు 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

బజాజ్ చేతక్‌కు ఎలక్ట్రిక్ రూపంలోనైనా పునర్జన్మ లభించింది. టీవీఎస్ మోపెడ్ రూపం మార్చుకుని నేటికీ పాలక్యాన్లు మోస్తూనే ఉంది. సువేగా, పుష్పక్‌లకు ఆ భాగ్యం లేదు. తయారుచేసిన వారు లేరు, విడిభాగాలు పంపేవారు లేరు. తూకానికి పోయిన ప్రతి బండితో ఆ లెక్క తగ్గిపోవడమే గానీ పెరిగేది లేదు.

రెండు గీతల మధ్య

కేంద్రం 2021 జులైలో పాతకాలపు వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ విధానం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు నిండిన సొంత వాడకపు ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇది వర్తిస్తుంది. చాసిస్, బాడీ, ఇంజను పెద్ద మార్పుల్లేకుండా మూలరూపంలో ఉండాలి. 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీ పనులకు రోడ్డెక్కరాదు.

మొదటి చిక్కు వయసుది. 1972లో వచ్చిన తొలి లూనాలు, చేతక్‌లు 2022 నాటికే ఈ గీత దాటాయి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 వంతు 2030లో గానీ రాదు. ఎనభైలలో రిజిస్టరైన పుష్పక్‌లదీ ఇదే పరిస్థితి. అంతవరకు వాటిని సాధారణ వాహనాలుగానే పరిగణించి, పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి సామర్థ్య పరీక్ష, పునరుద్ధరణ జరిపించాలి. గీతకు చేరేలోగా తుక్కుగా మారే ముప్పు వీటికే ఎక్కువ.

రెండో చిక్కు రుసుముది. ఈ విధానం కింద కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, పునరుద్ధరణకు రూ.5 వేలు చెల్లించాలి. లక్షల విలువచేసే పాత కారుకైనా, పెడళ్ల మోపెడ్‌కైనా లెక్క ఒక్కటే. ఆ మోపెడ్‌ను కొత్తగా కొన్ననాటి ధర కంటే ఈ రుసుమే ఎక్కువ కావడం గమనార్హం.

ఇంజను కంటే పుస్తకం ముఖ్యం

వీటన్నింటినీ మించినది కాగితాల సమస్య. దేశంలో ఒకసారి రిజిస్టరైన వాహనానికి పాత ఆర్‌సీ చూపనిదే పాతకాలపు వాహనంగా గుర్తింపు లభించదు. ప్రస్తుత మోటారు వాహనాల చట్టం 1989లో అమల్లోకి రాకముందు మన బండ్లకు 'ఏ' అక్షరంతో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు ఉండేవి. నాటి ఆర్‌సీ చేతిరాత పుస్తకం. చెదలు పట్టడమో, తడిసి చిరగడమో, చేతులు మారినప్పుడు పోవడమో సాధారణం. యజమాని కాలం చేసి, వారసులు పేరు మార్పించుకోని బండ్లు మరెన్నో.

అరిగిన పిస్టన్‌ను లేతు మీద చేయించవచ్చు. తుప్పు పట్టిన రేకును డెంటింగ్ చేసి రంగు వేయించవచ్చు. ఆర్‌సీ లేని బండిని మాత్రం ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. అది చట్టం దృష్టిలో యజమాని లేని ఇనుము. దొంగసొత్తు అన్న అనుమానానికీ తావిస్తుంది. ఫలితంగా ఆసక్తి గలవారు వెనుకంజ వేస్తుండగా, కాగితం అడగని పాత ఇనుము వ్యాపారి ముందుకొస్తున్నాడు.

చేయదగినవేమిటి?

యజమానుల చేతిలో ఉన్న పని కొంత ఉంది. ఆర్‌సీ పోతే పోలీసులకు ఫిర్యాదు చేసి, ఫారం 26తో నకలు కోరవచ్చు. యజమాని మరణిస్తే వారసులు ఫారం 31తో తమ పేరిట మార్పించుకోవచ్చు. అమ్మేవారు, కొనేవారు ఫారం 29, 30లు పూర్తిచేయడం మరువరాదు. చాసిస్, ఇంజను నంబర్లను పెన్సిల్‌తో కాగితంపై అచ్చు తీసి, ఆర్‌సీతో సరిచూసుకున్నాకే బేరం కుదుర్చుకోవడం క్షేమకరం.

ప్రభుత్వాల వంతు ఇంకా పెద్దది. రవాణా శాఖ కార్యాలయాల్లోని మూడక్షరాల నంబర్ల రిజిస్టర్లు శిథిలం కాకముందే కంప్యూటర్లకు ఎక్కించాలి. మోపెడ్‌లకు, స్కూటర్లకు రుసుము తగ్గించేలా కేంద్రంపై రెండు తెలుగు రాష్ట్రాలూ ఒత్తిడి తేవాలి. ఉత్పత్తి శాశ్వతంగా ఆగిన నమూనాలకు యాభై ఏళ్ల నిబంధన సడలించే అవకాశాన్నీ పరిశీలించాలి. రోడ్డెక్కని బండి వల్ల కాలుష్యమూ లేదు, ఖజానాకు నష్టమూ లేదు.

సువేగా, పుష్పక్‌లు కేవలం ఎవరో మోజుపడే పాత సామాను కావు. ఈ గడ్డపై కార్మికులు బిగించిన మరలు వాటిలో ఉన్నాయి. కర్మాగారాలు పోయాక ఆ పనితనానికి మిగిలిన సాక్ష్యం ఆ బండ్లే. ఇంటి మూలన అలాంటిది ఉన్నవారు తూకానికి వేసే ముందు ఒక్కసారి పాత ట్రంకుపెట్టెలో ఆర్‌సీ పుస్తకం కోసం వెదకడం మంచిది. అది దొరికితే బండి బతికినట్టే.