పేకముక్కల తెలుగు: డబుల్ ఎప్పుడు అనకూడదు?

ఈ నెల బ్రిడ్జి బల్ల దగ్గర కూర్చుని తెలుగు నేర్చుకుందాం.

ముందు మాటలు. స్పేడును మనం ఇస్పేటు అంటాం. హార్టు ఆఠీను. క్లబ్బు కళావరు. డైమండు డైమను. ఏస్ అంటే ఆసు. ట్రంపు అంటే తురుపు. నలుగురూ తలా ఒక ముక్క వేస్తే ఒక పట్టు.

ఇక కాంట్రాక్టు. ఆ మాట మనకు కొత్త కాదు. మన ముత్తాతలు వేలిముద్ర వేసిన అగ్రిమెంటే వాళ్ళ నోట గిర్మిట్ అయింది. బ్రిడ్జిలో కాంట్రాక్టు అంటే ఇన్ని పట్లు తీస్తామని ఒక జట్టు ఇచ్చే మాట. ఇప్పుడు మనం వాడే లెక్కలకు రూపం ఇచ్చినవాడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికన్. 1925లో పనామా కాలువ మీదుగా వెళ్ళే ఓడలో ఆయన వాటిని ఆడి చూశాడు.

ఎదుటి జట్టు ‘ఆరు ఇస్పేట్లు’ అంది అనుకోండి. ఇస్పేటు తురుపుగా, 13 పట్లలో 12 తీస్తామని అర్థం. దాన్ని స్లామ్ అంటారు. మీ చేతిలో ఆఠీను ఆసు ఉంది. ఇస్పేటు రాణి, దానితో రెండు చిన్న ఇస్పేట్లు కూడా ఉన్నాయి. ‘డబుల్!’ అనాలని నాలుక దురద పెడుతుంది.

ఆగండి. ముందు లెక్క చూద్దాం. వాళ్ళు వల్నరబుల్ కాదనుకుందాం. ఒక పట్టు తక్కువైతే మీకు 50 వస్తుంది. డబుల్ అంటే 100. అంటే మీ లాభం 50 మాత్రమే. వాళ్ళు గెలిస్తే మామూలుగా 980. డబుల్ మీద గెలిస్తే 1210.

అసలు నష్టం ఇంకా పెద్దది. వాళ్ళ రెండు చేతుల్లో కలిపి తొమ్మిది ఇస్పేట్లు ఉన్నాయి. ఆసు, రాజు, జాకీ అన్నీ వాళ్ళవే. మీరు ఊరుకుంటే, ఆడే మనిషి ఆసు, రాజు వేసి రాణి పడుతుందని ఆశిస్తాడు. మీ రాణి పడదు. అది ఒక పట్టు, ఆఠీను ఆసు ఇంకొకటి. స్లామ్ పోయింది, మీకు 50.

మీరు డబుల్ అంటే అతను ఆలోచిస్తాడు: ‘ఇంత ధైర్యం ఎందుకు? రాణి ఇక్కడే ఉండాలి.’ ఆసు వేసి, తర్వాత జాకీని మీ మీదుగా నడిపిస్తాడు. మీ రాణి చిక్కిపోతుంది. 50 రావలసిన చోట 1210 పోయింది!

నేను ఒకసారి సరిగ్గా ఇలాగే నోరు జారాను. ఫిజీలో పుట్టిన మా పెద్దమ్మ ఆ రోజు నా జోడీ. తిట్టలేదు. ముక్కలు కలుపుతూ, “పెదవి దాటితే పృథివి దాటుతుంది రా” అంది. మాట ఒకసారి బయటపడితే లోకమంతా తెలిసిపోతుందని అర్థం.

ఇంకో రెండు ప్రమాదాలు ఉన్నాయి. డబుల్ విని వాళ్ళు తురుపు లేని ఆటకు, అంటే నోట్రంపుకు మారిపోవచ్చు. రెండోది, స్లామ్ మీద డబుల్ అంటే మీ జోడీకి వేరే కబురు అందుతుంది. థియోడోర్ లైట్నర్ అనే అమెరికన్ ఆటగాడి పేరుతో ఆ పద్ధతి ఉంది: ‘మామూలు ముక్క వేయకు, వేరే రంగు వెయ్యి’ అని అడగడం. చాలాసార్లు మీ చేతిలో ఆ రంగు అసలు లేదని, తురుపుతో కోస్తారని దాని అర్థం. మీరు ఆశతో డబుల్ అంటే, పాపం మీ జోడీ తప్పు రంగు వేస్తుంది.

మరి ఎప్పుడు అనాలి? మీ ఆటను ఆపడానికే, ఓడిపోతామని తెలిసి కూడా వాళ్ళు పైకి పాడితే, అనండి. జోడీ వేరే రంగు వేస్తేనే స్లామ్ ఓడుతుందంటే, అనండి. మిగతాప్పుడు ‘పాస్’ అని, మీ రాణిని దాచుకోండి.

ఈ నెల మాటలు:
నోరు జారడం: అనకూడనిది అనేయడం.
నాలుక దురద: ఏదో ఒకటి అనాలన్న తొందర.
కబురు: వార్త, సందేశం.
కోయడం: వేరే రంగు ముక్కను తురుపుతో గెలవడం.

ఇంటిపని: ఇంట్లో పెద్దవాళ్ళకు నాలుగు రంగులూ చూపించి, వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో అడగండి. ఒక్కో ఇంట్లో ఒక్కోలా వినిపిస్తుంది. విన్నది విన్నట్టు రాసుకోండి.