పింగ్ వస్తోందిగా, ఇంకేం కావాలి?

నెట్‌వర్క్ సమస్య అని ఎవరైనా రాగానే మనలో చాలామంది అడిగే మొదటి ప్రశ్న "పింగ్ వస్తోందా?". వస్తోందంటే చాలు, "అయితే నెట్‌వర్క్ బానే ఉంది, నీ అప్లికేషన్ చూసుకో" అని పంపించేస్తాం. మొన్నటిదాకా నేనూ ఆ బాపతే.

మా ల్యాబ్‌లో రెండు లినక్స్ సర్వర్లు. ఒక్కోదాని మీద ఒక ఓపెన్ వీస్విచ్, రెంటినీ కలుపుతూ వీఎక్స్‌లాన్ టనెల్. పెట్టింది మా టీములో కొత్తగా చేరిన కుర్రాడు. ఇటు వీఎం నుంచి అటు వీఎంకి పింగ్ చక్కగా వెళ్తోంది. ఫైలు కాపీ చేయబోతే మాత్రం అక్కడే ఆగిపోతోంది. "అన్నా, స్విచ్‌లోనే ఏదో తేడా ఉంది" అన్నాడు. నేను పై డైలాగే కొట్టాను. పాపం, మూడు రోజులు ఫైర్‌వాల్ తీసేశాడు, వీఎంలు మళ్ళీ మళ్ళీ కట్టాడు. నాలుగో రోజు మీటింగులో ఎవరో "ఇతనికి బేసిక్స్ రావట్లేదు" అనేశారు. ప్రొబేషన్‌లో ఉన్నవాడి మీద అలాంటి మాట పడితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు. అప్పుడుగానీ నేను వెళ్ళి పక్కన కూర్చోలేదు.

విషయం చాలా చిన్నది. మామూలు పింగ్ తీసుకెళ్ళే డేటా 56 బైట్లే. ఫైలు కాపీలో ప్యాకెట్లు 1500 దాకా ఉంటాయి. వీఎక్స్‌లాన్ ప్రతి ప్యాకెట్‌కీ ఇంకో 50 బైట్లు తగిలిస్తుంది. మొత్తం 1550. కింద ఉన్న అసలు నెట్‌వర్క్ కార్డు ఎంటీయూ 1500. పట్టదు, పడిపోతుంది. వీఎంకి ఆ కబురు కూడా అందలేదు.

పట్టుకోవడం కూడా కష్టం కాదు. ముక్కలు చేయకూడదని చెప్పి 1422 బైట్లతో పింగ్ చేస్తే వెళ్ళింది, 1423 అంటే లేదు. హెడర్ల 28 కలిపితే సరిగ్గా 1450. టీసీపీడంప్‌తో చూస్తే పెద్ద ప్యాకెట్ వీఎం పోర్టు దగ్గర కనిపిస్తోంది, బయటి కార్డు దగ్గర లేదు. వీఎంలలో ఎంటీయూ 1450 చేశాం, కాపీ పరుగెత్తింది.

అన్నిచోట్లా 9000 పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది కదా అంటారు కొందరు. మంచిదే, కానీ దారిలో ఒక్క పోర్టు మర్చిపోయినా కథ మళ్ళీ మొదటికే.

సందులో సైకిల్ వెళ్ళింది కదా అని లారీ కూడా పడుతుందంటే ఎలా? వర్చువల్ స్విచ్‌కి వైరు లేదు, మిణుకుమనే లైట్లూ లేవు. కొలిచి చూడటం తప్ప వేరే దారి లేదు. నా దృష్టిలో ల్యాబ్ ఉన్నది ఎలాగోలా నడిపించడానికి కాదు, ఎందుకు నడవట్లేదో తెలుసుకోడానికి. ఆ ఓపిక సీనియర్లకే లేకపోతే జూనియర్లకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

తర్వాతి మీటింగులో, అందరి ముందే, తప్పు నాదని చెప్పాను. అతను మాత్రం "పర్లేదన్నా" అని నవ్వేశాడు. ఇప్పుడు ఎవరైనా సమస్య అని వస్తే నేను అడిగే ప్రశ్న మారింది: "ఎన్ని బైట్ల పింగ్?"