చట్టం చెప్పని బూజు
కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి నాలుగు గంజాయి మొక్కలు పెంచుకోవచ్చు. మొక్కలు లెక్కపెట్టిన చట్టం, కోసిన మొగ్గల్ని ఎలా ఆరబెట్టాలో మాత్రం చెప్పదు. గొడవంతా అక్కడే. గుంటూరు కల్లంలో మిరపకాయల్లా ఎండలో పోస్తే వాసననిచ్చే టెర్పీన్లు ఎగిరిపోతాయి, వెలుతురుకి మత్తునిచ్చే టీహెచ్‌సీ కూడా చెడుతుంది. ఓవెన్, మైక్రోవేవ్ చిట్కాలు నాకైతే అసలు మింగుడుపడవు: పైన పెళుసు, లోపల పచ్చి. ఆ పచ్చిలోనే బూజు పుడుతుంది. ఆస్పర్‌జిల్లస్ లాంటిది పొగతోపాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే కీమోథెరపీలో ఉన్నవాళ్ల ప్రాణానికే ముప్పు. వాళ్లలో కొందరు మొక్క పెంచుకునేదేమో వాంతుల ఉపశమనానికి! చీకటి గదిలో కొమ్మల్ని తలకిందులుగా వేలాడదీసి, 20 డిగ్రీలకు అటూఇటూగా వేడి, 55–60 శాతం తేమ ఉంచి, ఫ్యాన్ గాలి సూటిగా తగలనీయకుండా వారం పదిరోజులు ఓపిక పట్టాల్సిందే. సన్న పుల్లని వంచితే వంగకుండా ఫట్‌మని విరగాలి, అప్పుడే గాజు సీసాలోకి. సీసాలో తేమ 65 శాతం దాటితే మళ్లీ బయటికి తీయాలి. ఇదంతా అక్కడి సంగతి. మన దగ్గర 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం ఆ మొగ్గలే, అంటే పూత కొసలే గంజాయి, అనుమతి లేకుండా పెంచితే పదేళ్ల దాకా కఠిన కారాగారం. టొరంటో నుంచి సెలవులకి వచ్చే మనవాళ్లు ఆ సీసాని సూట్‌కేసులో పెట్టుకోకూడదు. దాన్ని దేశం దాటించడం కెనడాలోనూ నేరమే.