ఏటి ఒడ్డున ఎద్దుబొమ్మ

2022 మే నెలలో అసాని తుపాను వచ్చినప్పుడు, సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి రేవు దగ్గర సముద్రం ఒక రథాన్ని తెచ్చి ఒడ్డున పెట్టింది. నిలువెల్లా బంగారు రంగు. మత్స్యకారులు తాళ్ళు కట్టి లాగారు, నౌపడా పోలీసులు వచ్చారు, చుట్టుపక్కల ఊళ్ళ జనం విరగబడ్డారు. బంగారు రథమే కొట్టుకొచ్చిందని టెక్కలి నుంచి పలాస దాకా ఒకటే కబురు. తీరా చూస్తే బంగారం రంగులోనే ఉంది గాని రథంలో లేదు. బర్మా వైపునుంచో, ఆ పక్క మరో దేశంనుంచో తుపానుకు తెగి వచ్చి ఉంటుందన్నారు.

అంత రథం గనక అందరికీ తెలిసింది. అదే జిల్లాలో, వంశధార ఒడ్డున, కందిబద్దంత అసలు బంగారం దొరికితే పక్కింటివాడికి కూడా తెలియదు. దొరికినవాడు తెలియనివ్వడు. ఈ వారం నేను చెప్పదలచుకున్నది ఆ కందిబద్ద సంగతి.

వరద తీసిన తరవాత ఏటి ఒడ్డున తల వంచుకుని నడిచే మనుషులను మీరు చూసే ఉంటారు. ఏదో పారేసుకున్నవాళ్ళలా ఉంటారు గాని, వాళ్ళు పారేసుకున్నదేమీ లేదు. ఏడెనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో పారేసుకున్నదాన్ని వెతుకుతుంటారు. గట్టు తెగి కొత్త మట్టి బయటపడినచోట, ఇసక తవ్వి జల్లెడ పట్టినచోట, వాళ్ళ కళ్ళు వేగంగా తిరుగుతాయి. ఇది పిచ్చి అని కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. వంశధార మామూలు ఏరు కాదు. దాని ఒడ్డున ఉన్న ముఖలింగమే ఒకనాటి కళింగనగరం, గంగరాజుల రాజధాని. 12వ శతాబ్దంలో అనంతవర్మ చోడగంగు కటకానికి తరలిపోయేదాకా ఇక్కడినుంచే రాజ్యం నడిచింది. దిగువన, సముద్రానికి దగ్గర్లో, సాలిహుండం కొండమీద బౌద్ధస్తూపాలు, ఆపైన కళింగపట్నం రేవు. ఇంత రాకపోకలు జరిగిన ఒడ్డున నాలుగు కాసులు జారిపడకుండా ఉంటాయా?

టెక్కలిలో ఒక వృద్ధ కంసాలిని కదిపాను. ఎనభై దాటినవాడు. కళ్ళు ఆనడం లేదు గాని జ్ఞాపకం మాత్రం కత్తిలా ఉంది.

"తెచ్చీవోరు బాబూ, వరదలయిపోయినాక తెచ్చీవోరు. ఇంత చిన్న బిళ్ళ. మూడు గురిగింజలెత్తు తూగితే గొప్ప. ఒకపక్కన పడుకున్న ఎద్దు ఉండీది."

"రెండో పక్కన ఏముండేది తాతా?"

"ఏవో గీతలు. నానేటి సదువుకున్నానేటి? రెండేసి కరిగిస్తే ఒక ముక్కుపుడక అయ్యీది."

"మొత్తం ఎన్ని కరిగించి ఉంటావు?"

"లెక్కెట్టినానేటి!" అని నవ్వాడు. ఆ నవ్వులో దోషం లేదు. మూసలో వెయ్యమని తెచ్చింది ఇంకొకరు, వేసింది ఆయన.

నాకు నవ్వు రాలేదు. ఆయన చెప్పిన పడుకున్న ఎద్దును బట్టి చూస్తే అవి గంగరాజుల బంగారు ఫణాలు. ఆ కాసు అరగ్రాముకు లోపే తూగుతుంది. ఒకవైపు ఎద్దు, దాని చుట్టూ చంద్రవంక, శంఖం వంటి గుర్తులు. రెండోవైపు "స" అనే అక్షరం, దాని కింద అంకె. "స" అంటే సంవత్సరమని పండితుల మాట. ఆ అంకె రాజుగారు పట్టానికి వచ్చి ఎన్నో ఏడో చెబుతుంది. రాజుగారి పేరు మాత్రం దానిమీద ఉండదు! అందుచేత ఏ కాసు ఎవరిదో తేల్చాలంటే అది ఎక్కడ దొరికింది, ఎంత లోతున దొరికింది, దాని పక్కన ఇంకేమున్నాయి అన్నవే ఆధారం. కంసాలి తాత "ఏవో గీతలు" అన్నవి తేదీలు. అవన్నీ ముక్కుపుడకలై, ఆ ముక్కుపుడకలు మళ్ళీ కరిగి ఉంగరాలై, ఇప్పుడు ఏ పెళ్ళికూతురి చేతిని ఉన్నాయో!

బంగారానిది ఈ గతి అయితే రాగిది ఇంకా అన్యాయం. బంగారాన్ని కనీసం దాచుకుంటారు, రాగి కాసును పిల్లలు ఆడుకుని పారేస్తారు. 1858లో సర్ వాల్టర్ ఇలియట్ దొరగారు గంజాం జిల్లా పురుషోత్తపురంలో దొరికిన కొన్ని రాగినాణేలను గురించి రాశారు. (1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా టెక్కలి, సోంపేట ప్రాంతాలు కూడా గంజాం జిల్లావే.) తరవాత 1893లో పూరీ దగ్గర ఒక ఉప్పు కొఠారు ఆవరణలో ఒక్కచోటే 548 రాగినాణేలు బయటపడ్డాయి. అక్షరం ముక్క లేదు. ఎక్కడో ఉత్తరాన ఏలిన కుషానుల నాణేలను చూసి మనవైపువాళ్ళు పోతపోసుకున్న బొమ్మలు. దేవుడికి సమర్పించడానికి చేసినవని కొందరన్నారు, బజారులో చెల్లినవేనని మరికొందరన్నారు. వాటికి "పూరీ కుషాన్" నాణేలని పేరు నిలిచింది. నౌపడా ఉప్పుమళ్ళ మీదుగా పోయినప్పుడల్లా నాకు ఆ 548 జ్ఞాపకం వస్తాయి. వాటిని దొరికినచోటే లెక్కపెట్టి, కాగితం మీద పెట్టిన గుమాస్తా ఎవరో గాని మహానుభావుడు!

వంశధార ఒడ్డున అందరికన్నా పెద్ద నిధి దొరికినవారు ఎవరంటే, నన్నడిగితే గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన పుట్టింది ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో, 1863లో. పర్లాకిమిడిలో మేష్టరుగా ఉంటూ, సెలవులకు వచ్చి ముఖలింగం గుడిగోడల మీది శాసనాలు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని పాత లిపి నేర్చుకున్నారు. ముఖలింగమే కళింగనగరమని వాదించి రాశారు. 1919లో సాలిహుండం కొండను లోకం దృష్టికి తెచ్చిందీ ఆయనే. ఇంత నిధికి ఆయన గునపం పట్టలేదు.

గునపం పట్టేవాళ్ళు వేరే ఉన్నారు. అమావాస్య చూసుకుని, నిమ్మకాయలూ కుంకుమా పట్టుకుని, పాడుబడ్డ గుడిలో నందిని పడదోసి కింద తవ్వుతారు. ఇప్పుడు లోహాన్ని పసిగట్టే యంత్రాలు కూడా వచ్చాయి. మంత్రగాడూ యంత్రమూ జంటగా వెడుతున్నారు. నంది పగులుతుంది, గొయ్యి మిగులుతుంది, మంత్రగాడికి మాత్రం దక్షిణ ముందే ముట్టి ఉంటుంది. ఈమధ్య సెల్‌ఫోనులోకి ఇంకొక రకం మంత్రగాడు వచ్చాడు. మీ ఇంట్లో ఉన్న పాత నాణానికి లక్షలిస్తాను, ముందు కొంత రుసుము కట్టండి అంటాడు. రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకుంటున్నారు. తనకు అటువంటి వ్యాపారంతో సంబంధం లేదని ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చుకోవలసివచ్చింది.

దొరికినవాడు దాచడానికి అసలు కారణం ఆశ కాదు, భయం. సర్కారుకు చెబితే ఉన్నది లాక్కుని పైగా కేసు పెడతారని ఊళ్ళో నమ్మకం. చట్టం అలా లేదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి భూమిలో దొరికితే, ఏమి దొరికింది, ఎంత, ఎక్కడ, ఏ తేదీని అన్నది కలెక్టరుకు కాగితం రాసి తెలపాలి. సొత్తును ట్రెజరీలో అప్పగించాలి, లేదా హామీ ఇవ్వాలి. విచారణలో దానికి సొంతదారు లేడని తేలి, స్థలం యజమాని హక్కుకు వచ్చి, వేరే ఒప్పందం లేకపోతే, దొరికినవాడికి మూడు వంతులు, యజమానికి ఒక వంతు. సర్కారే ఉంచుకోదలిస్తే లోహం వెలకు పైన ఐదోవంతు చేర్చి ఇవ్వాలి. చెప్పకుండా దాచినా, ఆనవాలు తెలియకుండా మార్చినా వాటా పోవడమే గాక ఏడాది దాకా ఖైదు ఉంది. కంసాలి తరుగు తీసి ఇచ్చేదీ, చట్టం పైన చేర్చి ఇచ్చేదీ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక ఒక్క మాట, ఇది ఇల్లాళ్ళకు. మగవాళ్ళు ఏటి ఒడ్డునుంచి పచ్చగా చిలుము పట్టిన కాసు తెచ్చి మీ చేతిలో పెడితే, చింతపండు పెట్టి తోమకండి. బిందె తళతళలాడినట్టే కాసూ తళతళలాడుతుంది గాని, చిలుముతోపాటు మీది బొమ్మ కూడా లేచిపోతుంది. ఉన్నది ఉన్నట్టు కాగితంలో చుట్టి, దొరికిన రేవు పేరూ తేదీ ఆ కాగితం మీదే రాయించండి.