ఏకగ్రీవం ఎవరి మేలుకు?

పంచాయతీ ఎన్నికల మాట వినపడితే చాలు, పల్లెల్లో ఒక పాత పాట మళ్ళీ మొదలవుతుంది. ‘ఊళ్ళో రాజకీయాలు వద్దు, అందరం ఒక్కమాట మీద ఉందాం’ అని. కృష్ణా డెల్టాలో మా పక్క ఊళ్ళో సర్పంచి పదవికి నిలబడదలచిన ఒక ఆసామి ఇదే మాట చెబుతూ పేటలన్నీ తిరుగుతున్నారు. ఆయన పేరుతో మనకు పని లేదు. ఇలాంటి అభ్యర్థి ప్రతి మండలంలోనూ ఉంటాడు. ఆయన చెడ్డవాడని కూడా మేము అనడం లేదు. రాత్రిపూట ఎవరికైనా ప్రాణం మీదకొస్తే కారు పంపుతాడు, పెళ్ళికి చేబదులిస్తాడు. ఇక్కడ మనం చూడవలసింది ఆయన మంచితనం కాదు, ఆయన అభిప్రాయాలు.

ఆయన చెప్పేవి మూడు మాటలు. మొదటిది, పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకుంటే సర్కారు సొమ్ము వస్తుంది, ఊరు బాగుపడుతుంది. రెండోది, ఉపాధి పని వచ్చాక ఊడ్పులకూ కోతలకూ మనుషులు దొరకడం లేదు గనుక కొత్త చట్టంలో సీజన్‌లో పని ఆపివేయడం మంచిదే. మూడోది, ఢిల్లీలో ఏం చేస్తున్నారు, అమరావతిలో ఏం చేస్తున్నారు అన్నది మనకెందుకు, మన వీధి లైట్లు, మన మురుగు కాల్వలు చూసుకుందాం.

వినడానికి మూడూ వేరువేరు మాటలు. లోపల మాత్రం ఒకటే.

ముందు ఉపాధి సంగతి చూద్దాం. 2005లో వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం 2006 ఫిబ్రవరి 2న మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమయింది. పని అడిగిన 15 రోజుల్లో చూపించాలి, చూపించకపోతే భృతి ఇవ్వాలి, కూలి డబ్బు మొత్తం కేంద్రమే భరించాలి అని ఆ చట్టం చెప్పింది. దాని స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు ఇంకో చట్టం ఆమోదించింది. ఇందులో రోజులు 100 నుంచి 125కు పెంచామని గొప్పగా చెప్పుకున్నారు. అయితే ఖర్చులో 40 శాతం రాష్ట్రం నెత్తిన పెట్టారు. ఏ రాష్ట్రానికి ఎంత ఇవ్వాలో కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, అది దాటితే రాష్ట్రమే చూసుకోవాలి. పైగా విత్తే రోజుల్లో, కోసే రోజుల్లో ఏడాదికి 60 రోజుల దాకా పనులు నిలిపివేయవచ్చునన్నారు. మన అభ్యర్థికి నచ్చింది ఈ చివరి ముక్కే.

డెల్టాలో పనిచేసే ఎవరినైనా అడగండి. ఉపాధి పని ఎక్కువగా జరిగేది ఏప్రిల్, మే, జూన్ నెలల్లో, పొలాలు బీడుగా ఉన్నప్పుడు. ఊడ్పులు మొదలైతే ముఠాలన్నీ చేలోనే ఉంటాయి. మన రాష్ట్రంలో ఉపాధి కూలి 2025-26లో రోజుకు 307 రూపాయలు, అదీ కొలతల్లో తెగిపోకపోతే. గుత్తకు ఊడ్చేటప్పుడు అంతకంటే మెరుగైన కూలి గిట్టే చోట దాన్ని వదులుకుని చెరువు మట్టి తవ్వడానికి పోయే వెర్రివాళ్ళెవరూ లేరు. మరి జరగని పనిని చట్టం పెట్టి ఆపడం ఎందుకు?

అసలు విషయం ఇక్కడుంది. కూలికి కావలసింది 307 రూపాయలు ఒక్కటే కాదు. ‘నీ రేటు గిట్టదు, నేను రాను’ అనగలిగే ధీమా కావాలి. పంచాయతీలో అడిగితే ఇంకో పని ఉందన్న ధైర్యమే పొలం గట్టు మీద రేటు మాట్లాడుతుంది. మనిషి అక్కడికి వెళ్ళకపోయినా సరే, వెళ్ళగలడన్న సంగతి ఆసామికి తెలిస్తే చాలు. రేటు తేలే ఆ నాలుగు వారాల్లోనే ఆ దారి మూసేస్తే, ముఠా మేస్త్రి చేతిలో మిగిలేదేమిటి?

మన ప్రాంతంలో ఇది కొత్త పాఠం కాదు. 1991లో చుండూరులో దళితుల మీద సాంఘిక బహిష్కరణ పెట్టారు. పొలం పనికి పిలవకపోతే పేటలో పొయ్యి వెలగదని తెలిసే అది ఆయుధమయింది. ఆ ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. అంతకు ముందు, 1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. అక్కడ మొదలైన తగాదా దేని మీద? తాగే చెరువు నీళ్ళు పాడుచేయవద్దన్నందుకు. ఆ ఊళ్ళల్లో కూడా అంతకు ముందు ‘ఊరంతా ఒకటే’ అన్న మాట చెప్పే పెద్దలు లేకపోలేదు. ఎదురు మాట్లాడనంత వరకే ఆ ఒకటి.

ఇక ఏకగ్రీవం. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు మన రాష్ట్ర ప్రభుత్వం ఏకగ్రీవమైన ఊళ్ళకు బహుమతి ప్రకటించింది. జనాభా 2 వేల లోపయితే 5 లక్షలు, 5 వేల దాకా 10 లక్షలు, 10 వేల దాకా 15 లక్షలు, ఆపైన 20 లక్షలు. పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. 2 వేల మంది ఉన్న ఊళ్ళో 5 లక్షలను తలకు పంచితే 250 రూపాయలు. ఐదేళ్ళకు. అంటే ఏడాదికి 50 రూపాయలకు నోరు కట్టేసుకోవడం. ఎన్నికంటే కక్షలు రేగుతాయి, ఖర్చవుతుంది అంటారు. నిజమే, సారా, డబ్బు పంచే ఎన్నిక వల్ల మనకూ నష్టమే. కానీ దానికి మందు డబ్బు పంచకపోవడం, ఓటు లేకుండా చేయడం కాదు. ఓటున్నప్పుడే ఐదేళ్ళకొకసారి పేట గుమ్మం ముందుకొచ్చి నిలబడతారు. అది కూడా లేకపోతే నాలుగు పెద్ద కుటుంబాల వాకిట్లో తేలిపోయిన నిర్ణయాన్ని మనకు దండోరా వేసి చెబుతారు.

ఆయన పేటకొచ్చినప్పుడు ఒక ముఠా మేస్త్రమ్మ అడిగిన ప్రశ్న ఈ ఏడాది నేను విన్న వాటిలో మంచి ప్రశ్న. ‘బాబుగారూ, ఊరంతా ఒకటే అంటున్నారు గదా. ఎకరా ఊడ్పుకు ఇంతకు మించి ఇవ్వకూడదని మీరు కూర్చుని రాసుకున్నప్పుడు మమ్మల్ని ఎందుకు పిలవలేదు?’ దానికి ఆయన నవ్వి, ‘అది రైతుల సంగతమ్మా’ అన్నారు. అంటే ఓటు వేళకు అందరం ఒకటి. రేటు వేళకు రైతుల సంగతి వేరు!

నిజానికి ఆ రైతుల్లోనూ ఒకటి లేదు. డెల్టాలో చేలోకి దిగి సేద్యం చేసేవారిలో చాలామంది కౌలుదార్లు. వాళ్ళు కూలి రేట్లు మోయలేకపోతున్నామంటే ఆ బాధ అబద్ధం కాదు, దాన్ని మన సంఘం కొట్టిపారేయకూడదు. కానీ వాళ్ళను ముంచుతున్నది ఊడ్పు కూలా? 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలు 2,369 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా 1,777. తేమ పేరుతో, తరుగు పేరుతో కళ్ళంలోనే అందులో కోత పడుతుంది. పండినా పండకపోయినా మక్తా బస్తాలు భూస్వామికి కొలవాలి. 2019 నాటి సాగుదారు హక్కుల చట్టం ప్రకారం 11 నెలల కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఆ సంతకం పెట్టరు. కార్డు లేదు గనుక బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం యజమాని ఖాతాకు పోతుంది. ఇన్ని బరువులు వదిలేసి, వంగి నాటే ఆడమనిషి కూలి ఒక్కటే బరువని కౌలు రైతుకు నూరిపోయడం ఎవరికి లాభం? మక్తా తీసుకునేవాడికే లాభం.

ఇప్పుడు మూడో మాట చూడండి. పైవాళ్ళ విధానాలు మనకెందుకు అంటున్నారు. అవి మనకు చేరేదే పంచాయతీ తలుపులోంచి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టి ఉపాధి పనులకు తీర్మానాలు చేయించారు. ఆ కాగితం మీద ఏ పని రాశారు, పేట డొంక రాశారా, ఆసామి చేలోకి పోయే దారి రాశారా అన్నది సర్పంచి కుర్చీలో ఎవరున్నారన్న దాన్ని బట్టే ఉంటుంది. విధానాల గురించి మాట్లాడను అనే అభ్యర్థి ఆ విధానాలను ఒప్పుకున్నట్టే లెక్క.

పేదవాడికి ఊళ్ళో ఉన్న బలాలు రెండే. గిట్టని కూలికి ‘రాను’ అనగలగడం, నచ్చని అభ్యర్థికి ‘వెయ్యను’ అనగలగడం. ఐక్యత పేరుతో ఆయన అడుగుతున్నది ఈ రెండూ ఆయన చేతిలో పెట్టమని.

కాబట్టి కూలన్నలూ, అక్కలూ, కౌలు రైతులూ, అభ్యర్థి మీ పేటకొచ్చినప్పుడు దండ వేసి పంపేయకండి. కూర్చోబెట్టి అడగండి. సీజన్‌లో పని ఆపవద్దని గ్రామసభలో తీర్మానం పెడతావా? మీ పొలం చేసే కౌలుదారు కార్డు మీద సంతకం పెట్టావా? కూలి రేటు తేల్చే కూటానికి ముఠా మేస్త్రులను పిలుస్తావా? ఆ మూడింటికీ పదిమందిలో ఔనని చెప్పినవాడు నిలబడితే ఏకగ్రీవం గురించి అప్పుడు ఆలోచిద్దాం. చెప్పకపోతే పేట నుంచి, కౌలు రైతుల నుంచి కలిపి ఒక మనిషిని నిలబెడదాం. ఓడినా ఫరవాలేదు, లెక్కలో మన ఓట్లెన్నో ఊరికి తెలుస్తాయి. మరుసటి ఊడ్పులకు రేటు మాట్లాడేటప్పుడు ఆ లెక్క పనికొస్తుంది.