లండన్‌లో కూడా మన చిలకలే

మొన్న మా ఊరి అబ్బాయి లండన్ నుంచి ఒక వీడియో పంపాడు. పార్కులో ఆకు రాలిన చెట్లు, కొమ్మల నిండా పచ్చటి చిలకలు. మెడకు అదే ఎర్ర పట్టీ, అదే కీచు అరుపు. మన చేలో కంకి కొరికే రామచిలకేనండీ!

అక్కడ 1969 నుంచే అవి పిల్లల్ని పెడుతున్నాయట. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. జిమీ హెండ్రిక్స్ అనే గిటార్ ఆయన ఒక జంటను వదిలితే పెరిగాయని అక్కడ చెప్పుకుంటారు. 2019లో శాస్త్రవేత్తలు లెక్క తీస్తే ఆ కథకు ఆధారమే దొరకలేదు. పంజరాల్లోంచి తప్పించుకున్నవి, సాకలేక వదిలేసినవి, అన్నీ కలిసి ఇంతయ్యాయి. జన్యు పరీక్షలో యూరప్ చిలకల మూలం ఎక్కువగా ఉత్తర భారతం, పాకిస్తాన్ వైపు తేలింది. అంటే రెక్కలతో పోలేదు, మనుషులే పట్టి అమ్మారు.

మరి ఆ చలికి ఎలా బతికాయి? అక్కడి జనం పెరట్లో పిట్టలకని గింజలు వేలాడదీస్తారు. అందులో పొద్దుతిరుగుడు గింజలు కూడా ఉంటాయి! అదే గింజ కోసం మనం తెల్లారకముందే మంచె ఎక్కి డబ్బా కొడుతున్నాం. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి. పోయినేడు నాకు గట్టు వైపు నాలుగు సాళ్లు ఉత్త బుర్రలే మిగిలాయి. పరిహారం అడిగితే పిట్టలు తిన్నదానికి రాదన్నారు.

చిలక అమాయకం అనను. సెషెల్స్ దీవుల్లో దానివల్ల పంటలకూ అక్కడి నల్లచిలకకూ ముప్పని 2017 నాటికి మొత్తం ఏరేశారు. అది వాళ్ల దీవి, బయటినుంచి వచ్చిన పిట్ట. ఇక్కడ మాత్రం అది మనకంటే ముందునుంచీ ఉంది.

ఒక తప్పు ఒప్పుకుంటా. ఇరవై ఏళ్ల కిందట మా తాటి మోడులో గూడు చూపించింది నేనే. పట్టేవాడు వంద చేతిలో పెట్టాడు. నాలుగు పిల్లలు సంచిలో పోయాయి. పంట తినేదే కదా, పోతే పోనీ అనుకున్నా. మరుసటేడు చేలో ఒక్క చిలకా తగ్గలేదు. పట్టడం, అమ్మడం, పెంచడం చట్టప్రకారం నేరం కూడా. ఎవరైనా సంచితో వస్తే గూడు చూపించకండి.

పంట కాపాడుకోవాలంటే ఒక్కడి చేను ముందు పండకూడదు, గుంపంతా దానిమీదే పడుతుంది. ఈసారి మా గట్టు చుట్టూ ఉన్నవాళ్లం ఒకే వారంలో విత్తుదామనుకుంటున్నాం. మెరుపు రిబ్బన్లు మీ దగ్గర ఎన్నాళ్లు పనిచేశాయో రాయండి. నా దగ్గరైతే వారానికే వాటికి అలవాటైపోయింది.