చప్పుడు ఆగితే జబ్బు తగ్గినట్టేనా?

కారు ఇంజన్‌లో కొత్తగా ఏదో చప్పుడు మొదలైందనుకోండి. చాలామంది ఏం చేస్తారు? చిక్కటి ఆయిలు పోయిస్తారు, లేదా ఎవరో చెప్పిన పార్టు మార్పిస్తారు. చప్పుడు తగ్గితే బాగైపోయిందనుకుంటారు. చప్పుడు ఆపడం వేరు, కారణం కనుక్కోవడం వేరు. ఈ తేడా హైస్కూలు విద్యార్థులకు తెలిసి తీరాలని నా అభిప్రాయం. మా మాచవరం చుట్టుపక్కల మిర్చి బస్తాల ట్రాక్టర్లు, అద్దె కార్లు, పిడుగురాళ్ల సున్నం లారీలు నడుస్తుంటేనే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతుంది. కారణం కనుక్కోవడానికి మీ పాఠాల్లోని సైన్సే చాలు. మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, చప్పుడు ఎలా ఉంది? కారు ఇంజన్‌లో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు ఒక్కసారే తెరుచుకుంటుంది. బండి నిలిపి ఉండగా ఇంజన్ నిమిషానికి 900 చుట్లు తిరుగుతోందనుకుందాం. ఒక వాల్వు దగ్గర సందు ఎక్కువైతే నిమిషానికి 450 సార్లు సన్నగా ‘టిక్ టిక్’మంటుంది. మెకానిక్కులు దీన్ని టాపెట్ సౌండు అంటారు. కనెక్టింగ్ రాడ్డు కింది బేరింగు అరిగితే మాత్రం క్రాంకు తిరిగే వేగంతోనే బరువుగా ‘డబ్ డబ్’మంటుంది. అంత వేగంలో మనం లెక్కపెట్టలేం. కానీ ఒకటి సన్నగా, ఒకటి బరువుగా, రెట్టింపు వడితో వస్తోందని చెవి చెబుతుంది.

రెండోది, ఎప్పుడు వస్తోంది? పొద్దున్నే వచ్చి, ఇంజన్ వేడెక్కాక తగ్గితే పిస్టన్‌కూ సిలిండరు గోడకూ మధ్య సందు పెరిగి ఉండవచ్చు. వేడికి లోహం వ్యాకోచించి ఆ సందు పూడుతుంది. బరువు లాగేటప్పుడు పెట్రోలు ఇంజన్ గలగలమంటే అది అరిగిన పార్టుల చప్పుడు కాకపోవచ్చు. స్పార్కు ప్లగ్గు దగ్గర పుట్టిన మంట చేరకముందే, మూలనున్న పెట్రోలు, గాలి మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే భగ్గుమంటుంది. నాకింగ్ అంటే ఇదే. రెంటచింతల ఎండల్లో దీనికి అవకాశం మరీ ఎక్కువ. డీజిల్ ఇంజన్‌లో ఇంధనం అంటుకునేదే అలా కనుక దానికి కొంత చప్పుడు సహజం. రోజూ వచ్చే చప్పుడు ఎరిగినవారికే కొత్త చప్పుడు పట్టుబడుతుంది.

మూడోది, ఎక్కడ నుంచి వస్తోంది? 1816లో ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి గుండెను విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మన మెకానిక్కు పొడవాటి స్క్రూడ్రైవరు మొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటాడు. పాత పెట్రోలు కారైతే అనుమానమున్న సిలిండరుకు స్పార్కు ఆపి మళ్లీ వింటాడు. ‘డబ్ డబ్’ తగ్గితే దోషం ఆ రాడ్డు బేరింగులో ఉందన్నమాట. ఒక్కటి మార్చి, తక్కినవన్నీ అలాగే ఉంచి చూడడమే ప్రయోగం. అదే పని ల్యాబులో చేస్తే సైన్సనీ, షెడ్డులో చేస్తే చేతివాటమనీ అనడం నాకు నచ్చదు. మీరు మాత్రం తిరిగే ఫ్యాను, బెల్టుల దగ్గరికి వెళ్లకండి. దూరం నుంచి విన్నా చాలు.

చప్పుడు ఆగగానే ప్రశ్నలు ఆపేస్తే ఏమవుతుందో చరిత్ర చెప్పింది. 1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థకు చెందిన థామస్ మిడ్గ్లీ, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనాన్ని పెట్రోలులో కొద్దిగా కలిపితే నాకింగ్ ఆగుతుందని కనుగొన్నాడు. నాకింగ్ నిజంగానే ఆగింది. మరి ఆ సీసం ఎక్కడికి పోతుంది? పొగతో గాలిలోకి, గాలితో పిల్లల రక్తంలోకి పోయింది. ఆల్కహాలు కూడా నాకింగ్‌ను తగ్గిస్తుందని ఆనాడే తెలుసు. అయినా సీసమే గెలిచింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం 2000లో ఆగింది. ప్రపంచంలో చివరగా అల్జీరియాలో 2021లో ఆగింది. అంటే నూరేళ్లు పట్టింది!

“ఇప్పటి కార్లలో సెన్సారే వింటుంది కదా, మన చెవితో పనేమిటి?” అని మీరు అడగవచ్చు. నిజమే. 1880లో క్యూరీ సోదరులు కనుగొన్న పీజో విద్యుత్ ధర్మంతో పనిచేసే నాక్ సెన్సారు ఇంజన్‌కు బిగించి ఉంటుంది. నాకింగ్ పసిగట్టగానే కంప్యూటరు స్పార్కును కాస్త ఆలస్యం చేస్తుంది. చప్పుడు పోతుంది. కానీ పెట్రోలు నాసిరకమా, ఇంజన్ మితిమీరి వేడెక్కుతోందా అన్నది ఎవరో ఒకరు అడగాల్సిందే. అరుగుతున్న బేరింగు సంగతి చూడడం ఆ సెన్సారు పని కాదు.

‘డబ్ డబ్’మని వినిపిస్తూ ఆయిలు దీపం వెలిగితే “ఈ ఒక్క ట్రిప్పు దించేసి వద్దాం” అనుకోకూడదు. వెంటనే ఇంజన్ ఆపి ఆయిలు మట్టం చూడాలి. ఆపితే పోయేది ఒక పూట కిరాయి. ఆపకపోతే రాడ్డు విరిగి ఇంజనే పోవచ్చు. ఈ మాట ఇంట్లో బండి నడిపేవారికి మీరే చెప్పండి. చప్పుడు ఎలా ఉందో, ఎప్పుడు, ఎక్కడ వస్తోందో ఒక కాగితం మీద రాసి మెకానిక్కు చేతికివ్వండి. అవసరం లేని పార్టు మార్చే ఖర్చు తప్పుతుంది.